పల్లం నుంచి మన్యానికి: రాయవరం సైకిలు దారి

రాయవరం మండలంలో సైకిలు తొక్కేవాడికి ఎదురయ్యే పెద్ద ఎక్కుడు ఏమిటంటే, కాలవ మీద వంతెన. నాలుగు తొక్కుళ్లు గట్టిగా వేస్తే పైకి, ఆ తర్వాత కాలు ఆడించకుండానే కిందికి. మిగతాదంతా మేస్త్రీ మట్టం పెట్టి చూసుకున్నట్టుండే నేల. ఇటు రామచంద్రాపురం, అటు మండపేట, పైన అనపర్తి, బిక్కవోలు. ఏ వైపు తిప్పినా చేలు, బోదెలు, కొబ్బరి మొక్కలు, చేల మధ్యలోంచి పోయే పుంతలు.

ఈ మండలం కోనసీమ జిల్లాలో చేరింది 2022 ఏప్రిల్ 4న. పాత లెక్కలో కోనసీమ అంటే గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న గడ్డ. రాయవరం గౌతమికి ఉత్తరాన, తూర్పు డెల్టాలో ఉంది. అమలాపురంవాళ్లు "మీది కోనసీమ ఏమిటండీ" అని ఆటపట్టిస్తే పట్టించుకోనక్కర్లేదు. గౌతమికి ఇటువైపు ఉండటమే సైకిలువాడికి లాభం. ఏరు దాటకుండా కొండదారి పట్టే వీలు ఇటువాళ్లకే ఉంది.

కొండల సంగతికి వచ్చేముందు పల్లం గురించి కొంత చెప్పాలి. ఇక్కడ సైకిలు నేర్చుకున్నవాళ్లకు గేర్లు ఎందుకో చాలాకాలం అర్థం కాదు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాక, తూర్పు డెల్టాలోకి కాలవలు సాగాయి. నీరు తనంతట తాను జారేంత వాలు చూసుకుని తవ్విన కాలవలవి. వాటి గట్ల వెంట పోయే రోడ్డుకూ ఆ వాలే వచ్చింది. కాలికి తెలియనంత వాలు. అందుకే పసలపూడి మీదుగా రామచంద్రాపురం, అక్కణ్ణించి ద్రాక్షారామం, ఇంకా దిగువకు కోటిపల్లి దాకా ఒక్క గేరుతోనే వెళ్లిపోవచ్చు. పసలపూడి అనగానే దర్శకుడు వంశీ 'మా పసలపూడి కథలు' గుర్తొచ్చి కొత్తవాళ్లు ఆగి ఫొటోలు తీసుకుంటారు. ద్రాక్షారామంలో పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయం ఉంది. కోటిపల్లి రేవులో పంటు మీద సైకిలు ఎక్కించుకుని ముక్తేశ్వరంలో దిగితే అమలాపురంవాళ్లు ఒప్పుకునే కోనసీమే.

పల్లంలో తొక్కడం తేలికని మాత్రం అనకండి. ఇక్కడ కొండ లేకపోయినా గాలి ఉంది. కొండకు శిఖరమైనా ఉంటుంది, ఎదురుగాలికి అదీ లేదు. చేల మధ్య అడ్డమేమీ ఉండదు కాబట్టి ఊరు వచ్చేదాకా రొమ్ముకు తగులుతూనే ఉంటుంది. రెండో గండం వడ్లు. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ సగం రోడ్డు కల్లమైపోతుంది. సన్నటి టైరు వడ్ల మీదకు ఎక్కితే జారుతుంది. రాశి చెదరకుండా అంచున పెట్టిన రాళ్లు సందె చీకట్లో కనపడవు. రైతును తప్పుపట్టలేం, ఆరబెట్టుకోడానికి ఆయనకు వేరే చోటు ఎక్కడుంది? రోడ్డు సైకిలుకు 25 మిల్లీమీటర్ల టైరు ముచ్చటగా ఉంటుంది గానీ ఈ పుంతలకు 32 వేసుకున్నవాడే తెలివైనవాడు.

ఇక కొండదారి. రాయవరం నుంచి అనపర్తి, రాజానగరం, కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి. మొత్తం వంద కిలోమీటర్ల పైచిలుకు. ఉమ్మడి తూర్పు గోదావరివాళ్లు తమ జిల్లాను ఎప్పుడూ మూడు ముక్కలుగానే చెప్పుకున్నారు: డెల్టా, మెట్ట, ఏజెన్సీ. కారులో పోతే ఏది ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. సైకిలు మీద తొడలు చెబుతాయి.

అనపర్తి దాకా కోళ్లఫారాల వాసన, చేలగాలి. రైలు కట్ట దాటి ఉత్తరానికి తిరిగాక నేల మెల్లగా లేవడం మొదలెడుతుంది. కంటికి మట్టంగానే కనపడుతుంది, వేగం మాత్రం తగ్గుతుంది. బ్రేకు పట్టేసిందేమోనని దిగి చూసుకుంటారు కొత్తవాళ్లు. బ్రేకు కాదు, మెట్ట. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వస్తుంది. వరి పలచబడి కర్రపెండలం, జీడిమామిడి కనపడతాయి. కోరుకొండలో నరసింహస్వామి గుట్ట దూరాన్నించే కనపడి, ఇంతసేపూ ఎత్తన్నది చూడని కంటికి కొత్తగా తోస్తుంది. గోకవరంలో కడుపునిండా తిని, సీసాలు నింపుకుని కదలాలి. అక్కణ్ణించి హోటళ్లు పలచన.

రంపచోడవరం చేరేసరికి తూర్పు కనుమలు చుట్టూ ఉంటాయి. మారేడుమిల్లి దాకా ఎక్కుళ్లు, దిగుళ్లు, మళ్లీ ఎక్కుళ్లు. గేర్ల అవసరం ఇక్కడ తెలుస్తుంది. మన ఊళ్లో పాలవాడు తొక్కే ఒంటిగేరు సైకిలు పెడల్ ఒక చుట్టు తిరిగితే దాదాపు ఐదు మీటర్లు పోతుంది. ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉన్న గేరులో చక్రం ఒక్క చుట్టే తిరిగి రెండు మీటర్లు పోతుంది. నూరు మీటర్లకు ఏడు మీటర్లు లేచే చోట ఆ రెండు మీటర్లే ఊపిరి నిలబెడతాయి. ఫ్రాన్సు ఆల్ప్స్ కనుమల్లో సైకిలువాళ్ల కోసం కిలోమీటరు రాళ్ల మీద ఇంకెంత దూరం, ఎంత ఎత్తు, ముందు ఎంత వాలు అని రాసి ఉంచుతారు. మన ఘాట్లలో మలుపు దగ్గర హారన్ కొట్టమని రాస్తారు. రెండూ అక్కరకొచ్చే సలహాలే. అసలైన ఘాట్ మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు ఉంది. దిగేటప్పుడు మలుపులో బ్రేకు పట్టకండి, మలుపుకు ముందే వేగం తగ్గించుకుని లోపలికి పోండి. 'పుష్ప' షూటింగు జరిగిన అడవి ఇది. చలికాలం శని, ఆదివారాల్లో బొంగులో చికెన్ కోసం వచ్చే కార్లతో నిండిపోతుంది. సైకిలుకు మిగతా రోజులే మేలు.

ఈ రోడ్ల మీద శ్రమ మన సరదా. వేసినవాళ్లకు సరదా కాదు. ఇదే మన్యంలో నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి పోయే ఘాట్, ఇప్పుడు విశాఖ సైకిలువాళ్లు పొగమంచు కోసం ఎక్కే ఆ దారి పనిలోనే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత అరకొర కూలికి చాకిరీ చేయించాడు. అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదలడానికి ఉన్న కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి. అంతకు ముందే, 1879లో, కల్లు మీద వేసిన చిగురుపన్నుకు ఎదురుతిరిగి రంప ప్రాంతం లేచింది. కొండరెడ్లు, కోయలు ఉండే ఈ ఊళ్లలో ఆగి టీ తాగేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలని నా పట్టుదల. ఫొటో తీసేముందు అడగాలని కూడా.

రాయవరంవాడు ఈ దారి పట్టడానికి ఇంకో కారణం ఉంది: ఇది మన నీళ్లకు ఎదురు పోయే దారి. మారేడుమిల్లి అవతల చింతూరు ప్రాంతంలో సీలేరు శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. దాళ్వాలో గోదావరి చిక్కిపోయినప్పుడు సీలేరు విద్యుత్కేంద్రాలు వదిలే నీళ్ల కోసం డెల్టా అంతా కాచుకుని ఉంటుంది. అంటే రాయవరం చేలో ఫిబ్రవరి ఎండకు నిలబడ్డ వరి ఈ కొండల మీద ఆధారపడి ఉంది. పేపర్లో క్యూసెక్కుల లెక్కగా చదివే సంగతి, మన బోదె దగ్గర మొదలై పొద్దుటినుంచీ ఎదురెక్కి వచ్చినవాడికి వేరేగా ఎక్కుతుంది.

పోనూ రానూ రెండొందల కిలోమీటర్లు దాటుతుంది. గడువులోగా ముగించాల్సిన దూరపు సవారీలు బ్రెవేలు; ప్రపంచమంతటా జరిగే వీటిలో మొదటి మెట్టు రెండొందలే, గడువు పదమూడున్నర గంటలు. మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. పంక్చరైతే ఎవరి సైకిలు వాళ్లే బాగుచేసుకోవాలి. వీటిలో బాగా పేరున్న పారిస్–బ్రెస్ట్–పారిస్ 1,200 కిలోమీటర్లు, 90 గంటలు. నా మాట వింటే రాయవరంవాళ్లు మొదటిసారి గడియారంతో పందెం పెట్టుకోకుండా మారేడుమిల్లిలో ఒక రాత్రి పడుకుని రావడం మంచిది.

తిరుగుదారి దిగుడే కదా అనుకోకండి. మాఘం వెళ్లాక మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, గోకవరం నుంచి దక్షిణానికి దిగేవాడికి అది మొహం మీదే. తెల్లవారుజామునే బయల్దేరండి. రెండు ట్యూబులు, పంపు, చిల్లర దగ్గరుంచుకోండి. మరీ చేతకాకపోతే గోకవరం నుంచి రాజమండ్రికి బస్సులున్నాయి. సైకిలు ఎక్కించుకోవడం మాత్రం కండక్టరు గారి దయ.