ఊరి పొలిమేరలో మహా విపణి

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పాడిపంటలతో బ్రతికే చిన్న పట్టణం సెయింట్ ఆల్బన్స్. 1993లో దాని పొలిమేరలో బ్రహ్మాండమైన దుకాణం తెరవాలని వాల్‌మార్ట్ సంస్థ తలపెట్టింది. సరుకు చౌకగా లభిస్తుందని కొందరు సంతోషించారు; నడివీధి అంగళ్లు మూతపడితే ఊరి ప్రాణమే పోతుందని మరికొందరు కలతచెందారు. ఆ ఏడే జాతీయ చారిత్రక పరిరక్షణ సంస్థ యావత్తు వెర్మాంట్‌నూ ప్రమాదంలో ఉన్న వారసత్వంగా ప్రకటించింది.

ప్రజలకు కలిగే మేలుకన్నా వారిపై పడే భారమే అధికమని భావించి, రాష్ట్ర పర్యావరణ మండలి 1994లో అనుమతి నిరాకరించింది. 1997లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. సంస్థ మళ్లీ ప్రయత్నించింది. 2011లో అదే న్యాయస్థానం సమ్మతించింది. 2013లో దుకాణం తలుపులు తెరుచుకున్నాయి.

సరుకు వెల చీటీపై ఉంటుంది. ఊరు చెల్లించే వెల ఏ చీటీపైనా కనిపించదు.