వార్తల్లో పదం: పునర్నామకరణం

వీధికో, వంతెనకో ఉన్న పేరు తీసి, స్మరించదలచిన వ్యక్తి పేరో దైవం పేరో అధికారికంగా పెట్టడమే పునర్నామకరణం. తిరుపతి ఫ్లైఓవర్‌నే చూడండి. గరుడ వారధిగా మొదలై, 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతువుగా ప్రారంభమైంది. ప్రభుత్వం మారాక, 2024 నవంబరు 18న టీటీడీ పాలకమండలి పాత పేరే పెట్టాలని తీర్మానించింది. ఇన్నిసార్లు మారిస్తే స్మరణకు విలువేముంటుంది?

కాణిపాకం ఊరి పేరు మారిన తీరు వేరు. స్థలపురాణం ప్రకారం అది ఒకప్పటి విహారపురి. బావిలో వినాయకుడు వెలిసినప్పుడు, భక్తులు కొట్టిన కొబ్బరికాయల నీరు కాణి అనే కొలత నేల మేర పారిందని ఈ పేరు వచ్చిందంటారు. పక్కనే పారే బాహుదా నది పేరు వెనకా లిఖితుడనే వ్యక్తికి పోయిన చేతులు తిరిగొచ్చిన కథ ఉంది. ఈ పేర్లను శతాబ్దాలుగా కాపాడుతున్నది జనమే. వీధికి కొత్త పేరు పెట్టేముందు అక్కడివాళ్లను అడగాలి. ఆ పేరెందుకో బోర్డు మీద రెండు వాక్యాలైనా రాయాలి.