గని మారింది, నూనె లెక్క మారాలి

గ్రాము పిండిపదార్థం నుంచి శరీరానికి 4 కిలో క్యాలరీల శక్తి వస్తే, గ్రాము కొవ్వు నుంచి 9 వస్తాయి. ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల తిండిలో నూనెకు, నేతికి, మాంసానికి పెద్దపీట దక్కింది ఇందుకే. కణాల పొరలు కట్టుకోవాలన్నా, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టాలన్నా కొవ్వు ఉండాల్సిందే. కాబట్టి కొవ్వును పూర్తిగా మానేయడం గుండెకు మందు కాదు. ఏ కొవ్వు తింటున్నారు, ఎంత తింటున్నారు, దేనికి బదులుగా తింటున్నారు అన్నవే గుండె విషయంలో చూడాల్సినవి.

తట్టా చెమ్మాస నుంచి డంపర్ సీటుకు

ఒంటి కష్టం తగ్గితే ఈ లెక్క ఎలా మారాలో బొగ్గు గనుల ఊళ్లలో కనిపిస్తుంది. సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు ప్రాంతంలో మొదలైంది. ఆ శతాబ్ది పేరుతో వెలిసిందే పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీ. రామగుండం-3 ఏరియా ఓపెన్‌కాస్టు గనుల్లో, అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పనిచేసేవాళ్ల కుటుంబాలు ఇక్కడి క్వార్టర్లలో ఉంటాయి.

ఒకప్పుడు గని పని అంటే తట్టా చెమ్మాస. బాంబు పెట్టి పేల్చిన బొగ్గును కోల్‌ఫిల్లర్ చెమ్మాస అనే పారతో తట్టకెత్తి, నెత్తిన మోసుకుపోయి టబ్బులో పోసేవాడు. ఉక్కపోతలో, వంగిన నడుముతో షిఫ్టంతా అదే పని. ఇప్పుడు ఆ పనిలో ఎక్కువ భాగం యంత్రాలది. అడ్రియాలలో షియరర్ బొగ్గును కోస్తే కన్వేయర్ మోసుకుపోతుంది. ఓపెన్‌కాస్టులో డంపర్, షావెల్ ఆపరేటర్లు షిఫ్టులో ఎక్కువ సేపు సీట్లోనే ఉంటారు. ఫిట్టర్లు, సపోర్టు పనివాళ్ల వంటి వారికి ఒంటి కష్టం ఇంకా ఉన్నా, మొత్తం మీద కార్మికుడు ఖర్చు చేసే శక్తి తగ్గింది. కూరలో పోసే నూనె మాత్రం అదే దామాషాలో తగ్గలేదు.

ఈ తేడా ఎంతో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అంకెలు చెబుతాయి. నూనె, నెయ్యి, వెన్న వంటి కంటికి కనిపించే కొవ్వులు కష్టమైన పని చేసే పురుషుడికి రోజుకు 40 గ్రాములు, ఒక మోస్తరు పని చేసేవాడికి 30, కూర్చుని పనిచేసేవాడికి 25 గ్రాములు చాలని ఆ సంస్థ 2011 నాటి మార్గదర్శకాల్లో పేర్కొంది. స్త్రీలకు ఇవే వరుసగా 30, 25, 20 గ్రాములు. అంటే తట్ట మోసిన తండ్రికి సరిపోయిన నూనెలో మూడో వంతుకు పైగా డంపర్ నడిపే కొడుక్కి అదనమే.

దీన్ని ఇంటి లెక్కలోకి మార్చుకోవడం తేలిక. మనిషికి సగటున రోజుకు 25 గ్రాములనుకున్నా, నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోలు, అంటే 3.3 లీటర్ల నూనె అవుతుంది. నెయ్యి, బయట తినే బజ్జీల నూనె కూడా ఇందులోనే రావాలి. నెలకు ఐదారు లీటరు ప్యాకెట్లు ఖాళీ అవుతుంటే ఎక్కువవుతున్నట్టే.

రక్తనాళంలో జరిగేది

ఎంత తినాలో తెలిశాక, ఏ కొవ్వు అన్నది చూడాలి. కొవ్వు ఆమ్లాలు ప్రధానంగా నాలుగు రకాలు. నెయ్యి, వెన్న, మాంసపు కొవ్వు, కొబ్బరి నూనె, పామాయిల్‌లో సంతృప్త ఆమ్లాలు ఎక్కువ. పల్లినూనె, ఆవనూనెలో ఏక అసంతృప్త ఆమ్లాలు, పొద్దుతిరుగుడు, కుసుమ నూనెల్లో బహుళ అసంతృప్త ఆమ్లాలు ఎక్కువ. నాలుగోది ట్రాన్స్ కొవ్వు.

కొవ్వు జాతిదైన కొలెస్ట్రాల్ నీటిలో కరగదు కనుక రక్తంలో దాన్ని ప్రోటీన్ పూత ఉన్న రేణువులు మోసుకుపోతాయి. ఎల్‌డీఎల్ అలాంటి రేణువే. కాలేయ కణాల మీదున్న గ్రాహకాలు ఎల్‌డీఎల్‌ను పట్టుకుని రక్తంలోంచి తీసేస్తాయి. ఈ గ్రాహకాలను కనుగొన్న మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఈ గ్రాహకాల పని మందగించి ఎల్‌డీఎల్ రక్తంలో నిలిచిపోతుంది. అది ధమని గోడలోకి చేరి పేరుకుంటుంది. తెల్ల రక్తకణాలు దాన్ని మింగి అక్కడే ఉండిపోతాయి. ఏళ్ల తరబడి పెరిగిన ఆ పూడిక ఒకరోజు పగిలితే దాని మీద రక్తం గడ్డకట్టి గుండె కండరానికి ప్రాణవాయువు ఆగుతుంది. అదే గుండెపోటు.

కాలేయం తానే కొలెస్ట్రాల్ తయారు చేస్తుంది కాబట్టి, చాలామందిలో గుడ్డులోని కొలెస్ట్రాల్ కన్నా సంతృప్త, ట్రాన్స్ కొవ్వుల ప్రభావమే ఎక్కువ. నూనె ప్యాకెట్ల మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాయడంలోనూ గొప్ప లేదు. మొక్కల నుంచి తీసే ఏ నూనెలోనూ లెక్కించదగినంత కొలెస్ట్రాల్ ఉండదు.

వంటింట్లో నూనెలు

పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. చవక కావడంతో అది పేదల వంటింటికి చేరింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013 ఉగాదికి మొదలైన అమ్మహస్తం పథకంలో రేషన్ షాపులు ఇచ్చిన 9 సరుకుల్లో అదీ ఒకటి. హోటళ్ల మూకుళ్లలోనూ ఎక్కువగా కాగేది అదే. పల్లినూనెలో సంతృప్త కొవ్వు ఐదో వంతుకు మించదు. నువ్వుల నూనెలో ఏడో వంతు. తవుడు నూనెలో ఐదో వంతు ఉన్నా, ఎల్‌డీఎల్‌ను కొంత తగ్గించే ఒరైజనాల్ అందులో ఉంది. పొద్దుతిరుగుడు నూనెలో సంతృప్త కొవ్వు ఇంకా తక్కువే గాని గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు దాదాపు లేదు. ఏ ఒక్క నూనెలోనూ అన్నీ సమపాళ్లలో లేవు కాబట్టి రెండు మూడు నూనెలు మార్చి మార్చి వాడమని పోషకాహార నిపుణులు చెబుతారు.

అన్నిటికన్నా చెడ్డది ట్రాన్స్ కొవ్వు. ద్రవ నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచి వనస్పతి చేసేటప్పుడు ఇది పుడుతుంది. 1930లలో మార్కెట్‌లోకి వచ్చిన డాల్డా పేరు వనస్పతికే పేరైపోయింది. ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచడమే కాక, మేలు చేసే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. నూనెలు, కొవ్వుల్లో దీని వాటా 2022 జనవరి నుంచి 2 శాతం దాటరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన తెచ్చింది. అయినా లేబుల్ లేకుండా అమ్మే బేకరీ పఫ్‌లు, బిస్కెట్ల విషయంలో జాగ్రత్త అవసరం.

కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం ఇంకో సమస్య. షిఫ్టు దిగేవేళకు రోడ్డు పక్కన మిర్చి బజ్జీల మూకుడులో నూనె నల్లబడి, జిగటగా మారి, వాయి వేయగానే నురగ కడుతుంటే అది చెడిపోయినట్టే. అందులో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది.

వండే పద్ధతితో నూనె ఎంత మారుతుందో తెలంగాణ పిండివంటలే చూపిస్తాయి. సకినాలు మూకుడు నిండా నూనెలో వేగుతాయి. సర్వపిండికీ బియ్యప్పిండి, నువ్వులే ఆధారం. కాకపోతే పిండిని మందపాటి గిన్నెకు అంటేలా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో చెంచాతో నూనె వేసి మూతపెడతారు. రెండు మూడు చెంచాలతో పని అయిపోతుంది. పైగా పల్లీలు, శనగపప్పు కూడా పడతాయి.

దేనికి బదులు ఏమిటి

నూనె తగ్గించి, ఆ లోటును తెల్లన్నంతో, చక్కెర చాయ్‌తో పూడిస్తే గుండెకు లాభం లేదు. పిండిపదార్థాలు మితిమీరితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరిగి హెచ్‌డీఎల్ తగ్గుతుంది. పొట్ట చుట్టూ కొవ్వుతో పాటు ఈ లక్షణాలు దక్షిణాసియా వాళ్లలో ఎక్కువ. గుండెపోటు కారణాలపై పలు దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం నుంచి 2007లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, ఈ ప్రాంతం వాళ్లకు తొలి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53 ఏళ్లు. మిగతా దేశాల్లో అది దాదాపు 59.

సంతృప్త కొవ్వు స్థానంలో అసంతృప్త కొవ్వు వచ్చినప్పుడే మేలు జరుగుతుంది. డాల్డా పూరీకి బదులు గుప్పెడు పల్లీలు, వారంలో ఒకటి రెండుసార్లు మటన్, బోటి కూరల బదులు గోదావరి రవ్వ, బొచ్చె, కొర్రమట్ట చేపల పులుసు అలాంటి మార్పులే. చేపను నూనెలో వేయిస్తే ఆ లాభంలో కొంత పోతుంది. శాకాహారులకు అవిసె గింజల పొడి ఒమేగా-3ని ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రోజువారీ శక్తిలో సంతృప్త కొవ్వు వాటా 10 శాతం, ట్రాన్స్ కొవ్వు వాటా 1 శాతం దాటకూడదు.

రక్తపోటు, మధుమేహం, పొగ, గుట్కా, నిద్ర చెడగొట్టే రాత్రి షిఫ్టులు కూడా గుండెకు చేటు చేస్తాయి. నూనె ఒక్కటి మారిస్తే అన్నీ సర్దుకోవు. ఎల్‌డీఎల్ తగ్గడానికి డాక్టర్ రాసిన మాత్రలను నూనె మార్చామన్న ధీమాతో ఆపకూడదు.

మామూలుగా ఎల్‌డీఎల్ డెసిలీటరు రక్తంలో 100 మిల్లీగ్రాముల లోపు, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. హెచ్‌డీఎల్ పురుషులకు 40, స్త్రీలకు 50 దాటాలి. గని కార్మికులకు చట్టప్రకారం ఐదేళ్లకోసారైనా వైద్య పరీక్ష జరుగుతుంది. ఇంట్లో ఉండే భార్యకు, తల్లిదండ్రులకు అది వర్తించదు. వాళ్లు తినేదీ అదే కూర, అదే నూనె. కాబట్టి లిపిడ్ పరీక్షకు వెళ్లేటప్పుడు కార్మికుడు ఒక్కడే కాకుండా ఇంట్లో పెద్దవాళ్లందరినీ వెంట తీసుకెళ్లాలి.