ధనుర్వాతము

ఆటస్థలమున పరుగెత్తు బాలుని పాదమున మేకు గ్రుచ్చుకొనెననుకొనుడు. రెండు బొట్లు నెత్తురు వచ్చి నిలిచిపోవును. ఇంట చెప్పిన పెద్దలు కోపింతురని యాతడు దానిని దాచును. పెద్ద గాయమునకే భయపడవలెనుగాని చిన్నదానికేల యని యాతని తలంపు. ఆ తలంపు ఎంత యపాయకరమో విచారింతము.

మంటియందును, పశువుల పేడయందును క్లాస్ట్రీడియం టెటని యను సూక్ష్మజీవి కలదు. ఇది తన కొననొక గుండ్రని బీజమును దాల్చి, డోలు వాయించు పుల్లవలె కానవచ్చును. ఆ బీజములు ఎండకును వేడికిని ఓర్చి యేండ్ల తరబడి మంటిలో జీవించియుండును. 1884లో జర్మనీ దేశీయుడగు నికొలాయియర్, తోటమన్నును జంతువుల చర్మము క్రింద నుంచి వానికి ధనుర్వాతము కలుగుట చూపెను. 1889లో బెర్లినునందు జపాను దేశీయుడగు కిటసాటో ఈ జీవిని గాలి తగులకుండ ప్రత్యేకముగా పెంచగలిగెను.

గాలి తగులకుండుటయే యిందలి కీలకము. ప్రాణవాయువున్నచోట నిది పెరుగజాలదు. వెడల్పుగా తెగిన గాయమునకు గాలి తగులును, కడుగుటయు సులభము. మేకుపోటు పైన మూసికొని, లోపల గాలిలేని గుహయగును. అచ్చట బీజములు మొలకెత్తి విషమును పుట్టించును. దోషము తుప్పుది కాదు, మేకునంటిన మంటిది.

ఆ విషము నరముల వెంట వెన్నుపాము చేరి, కండరములను సడలించు వ్యవస్థ నడ్డగించును. సాధారణముగా మూడు మొదలు ఇరువదియొక్క దినములలో దవడలు బిగియును. పిదప మెడయు వీపును బిగిసి, దేహము ధనుస్సువలె వంగును. తెలివిమాత్రము చెడదు, రోగి బాధనంతయు నెఱుగుచునే యుండును. నరములను పట్టుకొనిన విషమును ఏ యౌషధమును విడిపింపజాలదు. ఒకసారి రోగము వచ్చి తగ్గినను మఱల రాదను నమ్మకము లేదు.

నివారణమో సులభము. టీకా శరీరమునకు ముందుగనే రక్షణ నిచ్చును. గర్భిణులకు టీకాలు వేయుటవలనను, శుభ్రమైన కాన్పులవలనను నవజాత శిశువుల ధనుర్వాతము భారతదేశమున మిక్కిలి తగ్గినందున, 2015లో ప్రపంచారోగ్య సంస్థ దాని నిర్మూలనమును ధ్రువపఱచెను. అయినను మంటిలోని బీజములు పోలేదు, పోవు.

కావున సోదర విద్యార్థులారా! గాయమును సబ్బుతో, పాఱు నీటితో కడుగుడు. పేడగాని మన్నుగాని పూయకుడు. ఆ దినముననే పెద్దలకు చెప్పి, వైద్యుని జూచి, కడపటి టీకా యెప్పుడు వేయించుకొంటిరో తెలుపుడు. పెద్దల కోపము గడియలో చల్లాఱును. దాచిన గాయము ప్రాణమునే కొనిపోవచ్చును.