పదిహేనేళ్ల కారుకు ఉరిశిక్ష వేసిందెవరు?

“బాబాయ్ గారూ, పదిహేనేళ్లు దాటిన బండి ఇంట్లో ఉంటే కేసేనంటండీ. రేపోమాపో వాళ్లే వచ్చి పట్టుకుపోతారు. నాలుగు డబ్బులొచ్చేటప్పుడే తూకానికి ఇచ్చేయండి.”

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు పక్క తోటల్లో పాత ఇనుము కొనేవాళ్లు ఈమధ్య నేర్చిన మంత్రం ఇది. దీన్ని నమ్మి, తండ్రి కొన్న కారును కిలోల లెక్కన అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. అమ్మిన తర్వాత “పీడ పోయింది” అనుకున్నవాళ్లూ ఉన్నారు. పీడ పోలేదు, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

అలా గ్యాస్ కట్టర్ కింద పడినవాటిలో కాంటెస్సాలు కూడా ఉన్నాయంటే నాకు కడుపు మండుతుంది. హిందుస్థాన్ మోటార్స్ 1984లో దీన్ని తెచ్చింది. డిజైను ఇంగ్లండు వాక్స్‌హాల్ కంపెనీది. అంబాసిడర్లు, ఫియట్ పద్మినీలు తిరిగే రోడ్డు మీద పొడవాటి బానెట్‌తో ఇది వస్తుంటే అదే మన స్పోర్ట్స్ కారు. నిజం చెప్పాలంటే మొదట్లో వచ్చినవాటికి అంబాసిడర్ ఇంజనే, యాభై గుర్రాల బలం. పరుగు కన్నా ఠీవి ఎక్కువ. ఇసుజు 1.8 లీటర్ల ఇంజను పెట్టాకే కారుకు ప్రాణం వచ్చింది. 2002లో తయారీ ఆగిపోయింది. బంగినపల్లికి మంచి ధర పలికిన ఏడాది కొన్న కారు, అందులోనే కోడలు కాపురానికొచ్చిన కారు, లక్షల కిలోమీటర్లు తిరిగి ఇప్పుడు తోటలో రేకుల షెడ్డు కింద కూర్చున్న కారు. దాన్ని ఇనుము ధరకు ఇచ్చేయమంటున్నారు.

అసలు చట్టం ఏమంటోంది? 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 41 ప్రకారం సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. అంతే. పదిహేనేళ్లకు గడువు తీరేది కాగితానికి, కారుకు కాదు. గడువుకు అరవై రోజుల ముందు నుంచే ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ పెట్టి, గ్రీన్ టాక్స్ కట్టి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారికి చూపిస్తే ఆయన బ్రేకులు, లైట్లు, ఛాసిస్ నంబరు చూస్తారు. బాగుంటే సంతకం, లేకపోతే “రిపేరు చేయించుకుని రండి”. అక్కడ తేలేది బండి కండిషన్. వయసు ఎంతైనా ఆయనకు అనవసరం.

మరి పదిహేనేళ్ల మాట ఎక్కడ పుట్టింది? మూడు వేర్వేరు సంగతులను కలిపి ముద్ద చేశారు. ఒకటి ఢిల్లీ. అక్కడి గాలి బాగోలేక, పదేళ్లు దాటిన డీజిలు బళ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 జూలైలో అలాంటి బళ్లకు బంకుల్లో పెట్రోలే పోయొద్దన్నారు, కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఈ గొడవంతా దేశ రాజధాని ప్రాంతానిది. అక్కడ క్రేను కారును ఎత్తుకెళుతున్న వీడియోకు తెలుగు మాటలు తగిలించి వాట్సాప్‌లో తిప్పితే చాట్రాయిలో మనకు చెమటలు పడుతున్నాయి. ఢిల్లీ పొగకు చాట్రాయి కారు ఏం పాపం చేసిందో అడిగినవాడు లేడు.

రెండోది, 2021 ఆగస్టులో వచ్చిన తుక్కు విధానం. అది కూడా ఫిట్‌నెస్ లేని బండిని తీసేయమంటుందే తప్ప, ఫలానా పుట్టినరోజుకు చంపేయమనదు. మూడోది అసలు తికమక. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రెన్యువల్ ఆపేశారు. మండలాఫీసు జీపు మూలన పడ్డం ఊరంతా చూసింది. సర్కారు జీపుకే దిక్కులేకపోతే మన కారెంత అనుకున్నారు. ఆ రూలు సర్కారు బళ్లకే.

పుకారు చేసే నష్టం అమ్ముకోవడంతో ఆగదు. “ఎలాగూ పోయే బండేగా” అని రెన్యువల్ మానేసినవాళ్ల సంగతి చూడండి. కేంద్రం నిబంధనల ప్రకారం ఆలస్యమైన ప్రతి నెలకూ కారుకు 500, మోటారు సైకిలుకు 300 రూపాయలు అదనం. ఐదేళ్లు షెడ్డులో వదిలేస్తే కారుకు ముప్ఫై వేలు. ఫీజు వేరే. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్‌కు 5,000, ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి 10,000. కాంటెస్సాలన్నీ ఆ పదివేల లెక్కలోకే వస్తాయి. ఎక్కువే, కాదనను. కానీ భయపడి దాక్కున్న కొద్దీ ఇంకా పెరుగుతుంది. రెన్యువల్ లేకుండా రోడ్డెక్కితే మొదటిసారే రెండు వేల నుంచి ఐదు వేల దాకా జరిమానా.

ఇక పీడ సంగతి. తూకానికి ఇచ్చేసిన కారు ఆర్‌సీ ఇంకా మీ పేరునే ఉంది. ఛాసిస్ నంబరున్న ముక్క, నంబరు ప్లేటు ఎవరి చేతిలో పడ్డాయో మీకు తెలియదు. ఆ నంబరుతో రేపు ఇంకో బండి ఏదైనా చేస్తే పోలీసులు వచ్చేది మీ ఇంటికి, ఇనుము కొన్నవాడి దగ్గరికి కాదు. వదిలించుకోవాలనే ఉంటే ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్, స్క్రాపింగ్ సర్టిఫికెట్ తీసుకుని ఆర్‌సీ రద్దు చేయించండి. కొత్త సొంత కారు కొంటే ఆ డిపాజిట్ సర్టిఫికెట్ మీద లైఫ్ టాక్సులో 25 శాతం దాకా తగ్గించవచ్చని కేంద్రం 2021లో నిబంధన పెట్టింది. ఇనుప కొట్టువాడు ఇచ్చేది మాత్రం చేతిలో నోట్లే.

చిల్లర నమ్మకాలకు ఎక్కువ చోటు ఇవ్వను. నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలో కలిసింది కాబట్టి ఏపీ 16 నంబరు చెల్లదనేది అబద్ధం, 2019లో ఏపీ 39 వచ్చినా పాత నంబర్లు అలాగే చెల్లుతున్నాయి. పెట్రోలు ట్యాంకులో కలరా ఉండలు వేస్తే పికప్ పెరగదు. చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గినట్టు కనిపిస్తుంది, రింగుల అరుగుదల తగ్గదు. లక్ష దాటితే ఇంజను బోరుకొచ్చినట్టే అనే మెకానిక్‌ను ముందు కంప్రెషన్ చూడమనండి, గేజి లేదంటే షెడ్డు మార్చండి. టైరు కింద నిమ్మకాయ మీ ఇష్టం.

ఒక్క భయాన్ని మాత్రం సగం ఒప్పుకోక తప్పదు: ఇథనాల్ కలిపిన పెట్రోలు. “ఇంజను పేలిపోతుంది” అనేది వెర్రిమాట. కానీ ఇరవై శాతం ఇథనాల్ కోసం ఈ కార్లను తయారుచేయలేదు. పాతకాలం రబ్బరు పైపులు, కార్బురేటరు గాస్కెట్లు దానికి ఉబ్బి, పగుళ్లిస్తాయి. మైలేజీ కూడా తగ్గుతుంది. పాత ప్రమాణాలకు చేసిన కార్లలో ఆరేడు శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. పైగా ఇథనాల్ తేమను లాగుతుంది. కోతలయ్యాక కారును వానాకాలమంతా కదపకుండా ఉంచితే ట్యాంకు అడుగున నీళ్లు, తుప్పు చేరతాయి. కాబట్టి పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి, వారానికోసారి బండి తిప్పండి. హైఆక్టేన్ పెట్రోలు కొట్టిస్తే సరిపోతుందనుకోకండి, అందులోనూ ఇథనాల్ ఉండొచ్చు.

కారును నిలబెట్టాలనుకున్నవాళ్లు ముందు బానెట్ ఎత్తండి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఒక గాడి ఉంటుంది. వాన నీళ్లు అందులోంచి పక్క రంధ్రాల గుండా కిందికి పోవాలి. మామిడి చెట్టు కింద నిలబెట్టిన ఏ కారుకైనా ఆ గాడిలో ఎండుటాకులు, పుల్లలు, రాలిన పిందెలు కుళ్లి నల్లటి పేడలా పేరుకుని ఉంటాయి. రంధ్రాలు మూసుకుపోయి, నీళ్లు డాష్‌బోర్డు వెనక నుంచి కాళ్ల కిందకు దిగుతాయి. కార్పెట్ పైకి పొడిగానే ఉంటుంది, దాని కింద రేకును వేలితో నొక్కితే పొట్టులా రాలిపోతుంది. టింకరింగ్ వాడు దానిమీద పుట్టీ రాసి రంగేసేస్తే రెండో వానాకాలానికి బుడగలొస్తాయి. కుళ్లిన రేకు కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాల్సిందే.

మామిడి నీడ కారుకు చల్లదనమనే భ్రమ కూడా మానుకోండి. పూత మీద తేనెమంచు పురుగు పడితే దాని జిగురు కారు టాపంతా కారుతుంది, దానిమీద ఆకులకు పట్టినట్టే నల్లటి మసి పడుతుంది. కోతలప్పుడు సొన. ఒంటిమీద పడితే పొక్కించే సొన పెయింటును ముద్దాడదు. వెంటనే నీళ్లతో కడగండి, ఎండిపోయాక గోటితో గీకకండి. రేడియేటరులో తోట బోరు నీళ్లు పోయొద్దు, పాలు కాచిన గిన్నెలా లోపల గార కడుతుంది.

ఇన్‌స్టాలో రీల్స్ చూసి ఇది లక్షలు పలుకుతుందని లెక్కలేసుకునేవాళ్లకు ఒక మాట. వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండాలి. మొట్టమొదటి కాంటెస్సాకే 2034 దాకా ఆగాలి. ఆ ‘వీఏ’ నంబరు ప్లేటు వచ్చాక రోజువారీ తిరగడానికి వీల్లేదు కూడా. పెట్టిన డబ్బు తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకుండా, నాన్న కారు కదా అని మాత్రమే దిగండి.

దిగినవాళ్లు వరస తప్పకండి. మొదట రెన్యువల్ బాకీ ఎంతో కనుక్కుని, ఆర్‌సీలో ఇంజను నంబరు, బండి మీద నంబరు ఒకటేనో కాదో చూడండి. మధ్యలో ఎవరో డీజిలు ఇంజను దించి కాగితాల్లో ఎక్కించని కేసులు బోలెడు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గర దొరికిపోయేది అక్కడే. తర్వాత బ్రేకులు, పెట్రోలు పైపులు, ఎలుకలు కొరికిన వైరింగ్, రేడియేటరు. ఇంజను సామాను ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతుంది, లేదా లేతు మీద చేయిస్తారు. డోరు రబ్బర్లు, వెనక లైట్ల అద్దాలు దొరకడం కష్టం, కనిపించినప్పుడే కొని దాచండి. పెయింటు అన్నిటికన్నా చివర. ముందే రంగేయించి, ఇంజను దించేటప్పుడు చైను తగిలి గీతలు పడ్డాయని పెయింటరు మీద విరుచుకుపడకండి.