బాటసారి చేతి పింగాణి పలక

దూరప్రయాణము చేసినవారు వట్టిచేతులతో ఇల్లు చేరుట మనలో వాడుక కాదు. కాశికి పోయినవారు గంగచెంబును, తిరుపతికి పోయినవారు ప్రసాదమును, కొండపల్లి మీదుగా వచ్చినవారు ఒక కొయ్యబొమ్మను తెచ్చి ఇరుగుపొరుగులకు చూపుదురు. ఇవి యన్నియు ఒకరు చేసినవి, మనము కొన్నవి. బాటసారి తాను పోయిన ఊరిలో కూర్చుండి, ఆ ఊరివారి పనిని వారియొద్దనే కొంత నేర్చి, తన చేతితో చేసిన వస్తువును తెచ్చుకొనుట మాత్రము అరుదు. అట్టి వస్తువు నొకదానిని గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. అది పోర్చుగలు దేశపు పింగాణి పలక.

కాల్చిన మట్టిపలకకు ఒకవైపున గాజువంటి తెల్లని పూత పూసి, దానిపై రంగులతో చిత్రించి, మరల కాల్చి, గోడకు అతికింతురు. ఆ దేశమున దీనిని అజులేజు అందురు. పోర్చుగీసు భాషలో అజుల్ అనగా నీలము. పలకలలో నీలిరంగు మెండు గనుక ఆ పేరు అందుండి పుట్టినదని పెక్కుమంది తలతురు. నిజమున కది అరబ్బీ మాట. నునుపుచేసిన చిన్నరాయి అని దాని యర్థము. అరబ్బులు ఆ ప్రాంతముల నేలిన కాలమున పనియు, పేరును వారి వెంట వచ్చినవి.

16వ శతాబ్దపు తొలినాళ్లలో మానుయేలు రాజు సింత్రాలోని తన భవనమునకు స్పెయినులోని సెవిల్యా నగరమునుండి పలకలను తెప్పించెను. వాస్కోడగామాను మన కాలికట్టు రేవునకు పంపిన రాజు ఇతడే. ఆనాటి పనిలో ఒక రంగు మరియొక రంగుతో కలియకుండ నడుమ అడ్డు ఉండెడిది. కొన్ని పలకలలో అచ్చువేసి మట్టిలోనే సన్నని గట్లు లేపెడివారు. కొన్నిట జిడ్డు కలిపిన నల్లరంగుతో గీతలు గీసెడివారు. నీటితో కలిపిన రంగు జిడ్డుగీతను దాటజాలదు గదా! ఆ కాలముననే ఇటలీనుండి వచ్చి సెవిల్యాలో పనిచేసిన నికులోసో అను కళాకారుడు తెల్లని పూతమీద కుంచెతో నేరుగా చిత్రించు పద్ధతిని అచ్చట ప్రవేశపెట్టెను. దానితో గట్లు తొలగెను. పిమ్మట చీనా పింగాణి, డచ్చివారి డెల్ఫ్టు పలకలు ఐరోపాను ఆకర్షింపగా, పోర్చుగలు గోడలును తెలుపు నీలములను ధరించెను.

ఈ పలకలు వట్టి అలంకారములు కావు. 1755 నవంబరు 1వ తేదీన గొప్ప భూకంపము లిస్బను నగరమును కూల్చివేసెను. దానికి ముందు ఆ నగరము ఎట్లుండెడిదో తెలియుటకు గల ముఖ్యసాధనములలో నొకటి సుమారు 1700 నాటి పలకల చిత్రము. సుమారు 23 మీటర్ల పొడవున, నదీతీరపు నగరమంతయు అందు నీలిరంగున వ్రాయబడియున్నది. అది జాతీయ అజులేజు మ్యూజియమునకు చెందినది. 1509లో లియొనోరు రాణి స్థాపించిన కన్యాస్త్రీల మఠమే ఆ మ్యూజియమునకు నిలయము. రాతిమేడలు పడిపోయినను, వాని రూపమును మట్టిపలకలు దాచియుంచినవి. అట్లే పోర్టో నగరమున 1916లో ప్రారంభింపబడిన సావుబెంటు రైలుస్టేషను గోడలపై జోర్జి కొలాసు చిత్రించిన సుమారు 20,000 పలకలలో ఆ దేశచరిత్రలోని ఘట్టములు కానవచ్చును. బండికై వేచియున్న కూలివాడు సైతము తలయెత్తి చూచి చదువుకొనదగిన పుస్తకమది.

లిస్బనులో ఒక చిన్న పనిశాలలో నేను రెండు పూటలు కూర్చుండి ఈ పని చేసితిని. బాటసారులకు నేర్పు పనిశాలలు ఆ నగరమున కొన్ని కలవు. ఒకమారు కాల్చిన పలక, పూత, రంగులు వారు సమకూర్తురు. చిత్రము మాత్రము మనది. కావున పనిశాలకు పోకమునుపే కాగితముపై చిత్రమును సిద్ధపరచుకొనుట మేలు.

పలక ప్రక్క సుమారు 14 సెంటీమీటర్లు, అనగా అయిదున్నర అంగుళములు. అంత కాగితమును కత్తిరించుకొనుడు. పలక ఒక్కటియే యగునెడల ఏ చిత్రమైనను తగును. కాని అజులేజు సొగసు నాలుగు పలకలు కూడినప్పుడు తెలియును. ఒకే చిత్రముగల నాలుగు పలకలను నడిమిమూల చుట్టును త్రిప్పి అమర్చినచో, ఒక్కొక్కదానిలోని పావుపూవు కలిసి నిండుపూవగును. చుక్కలముగ్గు పెట్టు మన స్త్రీలకు ఈ లెక్క క్రొత్త కాదు. చుక్క తప్పినచో గీత కలియదు, ఇచ్చటను అంతే.

ముందుగా ఏ మూల నడుమకు రావలెనో నిశ్చయింపవలెను. ఆ మూలనుండి ఒక అంచుమీద 4 సెంటీమీటర్ల దూరమున గీత వెలికి పోయినచో, రెండవ అంచుమీదను అదే మూలనుండి 4 సెంటీమీటర్ల దూరముననే వెలికి పోవలెను. లేనిచో ప్రక్కపలకలోని గీతను అందుకొనదు. దీనికి సులువైన ఉపాయము కలదు. కాగితమును ఆ మూలనుండి ఎదుటిమూలకు మడిచి, ఒక సగముననే చిత్రించి, దానిని రెండవ సగమునకు దింపుకొనుడు. కొలతలన్నియు వానియంతట అవియే సరిపోవును. పిమ్మట రెండు చిన్న అద్దములను ఆ మూలయొద్ద కలియునట్లు రెండు అంచులవెంట నిలిపి చూడుడు. నాలుగు పలకల నిండురూపము ముందుగానే కనబడును. నేను మా వాకిట చిన్ననాటినుండి చూచిన తామరముగ్గులో నాలుగవపాలును తీసికొంటిని. పరదేశపు పలకపై పరదేశపు పూవునే వ్రాయవలెనను నియమము లేదు. ఆ దేశమువారును అరబ్బుల గీతలను, చీనా నీలమును తమవిగా చేసికొన్నవారే.

ఇక తెల్లని పూత సంగతి. గాజుపొడికి తగరపు ఆక్సైడు చేర్చి నీటిలో కలిపి, పలకపై పోయుదురు. కాల్చిన మట్టి ఆ నీటిని క్షణములో పీల్చుకొనగా, పైన పిండివంటి పొర నిలుచును. ఆవములో గాజు కరగినను తగరపు రేణువులు కరగక నిలిచి, వెలుతురును చెదరగొట్టును. అందుచే పూత పాలవలె తెల్లనై, క్రింది మట్టిరంగును కప్పివేయును. పూర్వము పూతలో సీసమును విశేషముగా వాడెడివారు. అది విషము గనుక సీసము లేని పూతలు ఇప్పుడు వాడుకలోనికి వచ్చినవి. పనిశాలలో ఏ పూత వాడుదురో అడిగి తెలిసికొనుట తప్పుకాదు.

చిత్రమును కాగితమునుండి పలకకు దింపుటకు పెన్సిలు పనికిరాదు. అది పిండిపొరను గీరివేయును. కావున గీతలవెంట సూదితో రంధ్రములు పొడువవలెను. రంధ్రమునకు రంధ్రమునకు నడుమ నువ్వుగింజంత యెడముండిన చాలును. ఆ కాగితమును పలకపై పరచి, పలుచని గుడ్డలో మూటకట్టిన బొగ్గుపొడితో మెల్లగా అద్దినచో, రంధ్రములగుండ పొడి దిగి చుక్కల గీత యేర్పడును. అదే కాగితముతో మిగిలిన మూడు పలకలకును చుక్కలు దింపవచ్చును. బొగ్గు ఆవములో కాలిపోవును గాన, దాని జాడ మిగులదు.

తరువాత కుంచె పట్టవలెను. ఇదియే ఈ పనిలో కఠినమైన భాగము. పిండిపొర దాహము గొన్న నేలవంటిది; కుంచె తాకినతోడనే నీటిని పీల్చివేయును. పడిన గీత పడినట్లే యుండును. తుడిచినచో రంగుతోపాటు పూతయు లేచివచ్చును. కావున కుంచెను నిండుగా ముంచి, ఊపిరి బిగబట్టక, చేతిని ఆపక గీయవలెను. ముందు గీతలు, పిదప వాని నడుమ పలుచని నీడలు. వేరువేరు నీలములు అక్కరలేదు. ఒకే నీలమున నీరు హెచ్చించినకొలది లేతయగును, తగ్గించినకొలది ముదురగును. ముద్దగా పెట్టిన రంగు కాలిన పిమ్మట గరుకై నల్లబడును. ముగ్గుపిండి వ్రేళ్లనుండి జారునప్పుడు చేయి ఎట్లు నడచునో, ఇచ్చట కుంచెయు అట్లే నడవవలెను.

ఇందలి మరియొక వింత రంగుల మార్పు. కోబాల్టు ఆక్సైడు పచ్చిగా నున్నప్పుడు నల్లగా నుండి, కాలిన పిమ్మట నీలమగును. రాగి ఆక్సైడును నల్లనిదే, కాలి పచ్చనగును. మాంగనీసు ఊదావన్నె నిచ్చును. ఆంటిమనీ పసుపు నిచ్చును. చిత్రించువాడు కంటికి కనబడుదానిని గాక, అగ్ని యేమి చేయునో దానిని మనసులో నుంచుకొని వ్రాయవలెను. అందుకే పనిశాల గోడమీద ఒక్కొక్క రంగును కాల్చి చూపిన మచ్చుపలకలు వ్రేలాడుచుండును. వానిని చూడక కుంచె నెత్తకుడు.

పని ముగిసిన పిమ్మట పలక వెనుకభాగమును, అంచులను శుభ్రముగా తుడువవలెను. పూత మిగిలినచో కరగి ఆవపు పలకకు అంటుకొనును. వెనుక వరుససంఖ్య వేయుదురు. వేలకొలది పలకలుగల గోడచిత్రములను పూర్వులు ఇట్టి అక్షరములు, అంకెల సాయముననే కూర్చిరి. ఆవమున వేడిమి మెల్లమెల్లగా పెరిగి సుమారు 1000 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరును. చల్లారుటయు మెల్లగానే జరుగవలెను. తొందరపడి తలుపు తెరచినచో పలక పగులును. కావున ప్రయాణపు చివరిదినమున ఈ పనికి పూనుకొనుట తగదు. ఊరు చేరిన తొలిదినములలోనే చిత్రించి, వెడలునాడు తీసికొనవలెను. మూటకట్టునప్పుడు పలకలను విడివిడిగా గుడ్డలో చుట్టి, పరుండబెట్టక అంచుమీద నిలుపవలెను. ఇవి గోడకు తగును గాని, కాళ్ల రాపిడికి పూత అరుగును గనుక నేలకు తగవు.

ఇంత శ్రమ యేల, పాతపలక నొకదానిని కొని తెచ్చిన చాలదా యని మీరు అడుగవచ్చును. నేను ఈ ప్రసంగమునకు పూనుకొన్నది ఆ ప్రశ్న కొరకే. లిస్బను వీధులలో నడచునప్పుడు అందమైన గోడల నడుమ అక్కడక్కడ పలక యూడిన గుంటలు కనబడును. కొన్ని కాలముచేత రాలినవి. కొన్ని దొంగలు ఉలితో పెరికినవి. పెరికిన పలక పాతసామానుల సంతకు చేరును. దానిని కొనువారిలో మనవంటి బాటసారులు పెక్కుమంది. నూరుపలకల చిత్రమున ఒక్కపలక పోయినచో, పోయినది నూరవవంతు కాదు. ఆ పలకలో ముఖ ముండినచో చిత్రమంతయు చచ్చినట్లే. ఈ చౌర్యమును మాన్పుటకై 2007లో ఆ దేశపు నేరపరిశోధక పోలీసుశాఖ మ్యూజియము ఎస్.ఓ.ఎస్. అజులేజు అను ఉద్యమమును ఆరంభించెను. ఇండ్ల ముఖభాగములందలి పలకలను తీసివేయుటను, అట్టి ముఖభాగములను పడగొట్టుటను 2017లో చట్టము నిర్బంధించెను. అయినను కొనువాడున్నంతకాలము అమ్మువాడుండును. వెనుక సున్నపుగార అంటియున్న పాతపలక ఏదో యొక గోడనుండి వచ్చినదే. అది న్యాయముగా వచ్చినదని అమ్మువాడు కాగితము చూపజాలనిచో, దానిని ముట్టకుండుటయే మర్యాద.

ఈ మాట పరదేశమునకే చెల్లదు. హైదరాబాదులో 1590ల దశాబ్దమున మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించిన బాద్‌షాహీ అషూర్‌ఖానా గోడలపై రంగుపలకల పని కలదు. అది వేరు పద్ధతి. ఒక్కొక్క రంగుపలకను వేరుగా కాల్చి, ముక్కలుగా కోసి, చిత్రముగా కూర్చినది. 1908 మూసీవరద దానికి చేసిన హాని పెద్దది. ఏటికి మనము అడ్డుపడజాలము గాని, మన చేతిని అడ్డుకొనగలము.

లిస్బనునకు పోవుట అందరికి సాధ్యము కాదు. జయపురమునకు పోవువారు అచ్చటి నీలి పింగాణిని చూడవచ్చును. అందు బంకమన్ను లేదు. తెల్లరాతిపొడి, గాజుపొడి, ముల్తానీమట్టి, వెలిగారము, జిగురు కలిపి చేయుదురు. చిత్రము ముందు, పారదర్శకమైన పూత తరువాత, ఒక్కమారే కాల్పు. పద్ధతి వేరైనను కుంచెకు కావలసిన నిదానము ఒక్కటే.

తన చేతితో ఒక్కపలక చేసినవానికి ఒక లాభము నిశ్చయము. అటుపిమ్మట ఏ గోడ ముందు నిలిచినను, ఆ గీతను ఒక మనిషి ఒక్కయూపున, చెరుపుటకు వీలులేక, గీసెనని అతనికి తెలిసియుండును. అది తెలిసినవాడు ఆ గోడనుండి ఒక్కపలకను పెరుకడు, పెరికినదానిని కొనడు.