సర్వీసు రివాల్వరు: రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు బ్రిటిష్ సైన్యం తన సర్వీసు రివాల్వరును మార్చడానికి గల కారణాలను, వలస పాలనలో ఆయుధానికీ అధికారానికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.

పరిచయం

సిపాయి ప్రధాన ఆయుధం రైఫిల్. రైఫిల్ మోయని అధికారులకు, ట్యాంకు సిబ్బందికి ఆత్మరక్షణ కోసం ఇచ్చే చేతి తుపాకినే సర్వీసు పిస్టల్ అంటారు. బ్రిటిష్ సైన్యంలో ఆ స్థానం రివాల్వరుది. నేటి బల్కంపేటకు కొన్ని మైళ్ల దూరంలోని తిరుమలగిరి, బొల్లారం అప్పట్లో సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతాలు. అక్కడ విడిది చేసిన బ్రిటిష్ దళాల ఆయుధ ప్రమాణాలు బ్రిటన్‌లోనే నిర్ణయమయ్యేవి.

వెబ్లీ నుంచి ఎన్‌ఫీల్డ్‌కు

1915లో ప్రవేశపెట్టిన వెబ్లీ మార్క్ 6 రివాల్వరు 0.455 అంగుళాల తరగతికి చెందినది. బరువు సుమారు 1.1 కిలోలు. ఆరు తూటాలు పడతాయి. గొట్టాన్ని కిందికి వంచితే ఖాళీ తొడుగులన్నీ ఒకేసారి బయటకు వస్తాయి. ఇది దృఢమైనదే. కాని పేల్చినప్పుడు చేతిని బలంగా వెనక్కి నెడుతుంది. గురి కుదరాలంటే చాలా అభ్యాసం కావాలి. యుద్ధకాలంలో హడావుడిగా శిక్షణ పొందినవారికి అంత వ్యవధి ఉండదు. అందువల్ల యుద్ధానంతరం సైన్యం తేలికైన 0.38 అంగుళాల రివాల్వరు వైపు మొగ్గింది. వెబ్లీ సంస్థ ఒక నమూనాను సమర్పించింది. అయితే దానిని చాలావరకు పోలిన రివాల్వరునే ప్రభుత్వ ఎన్‌ఫీల్డ్ కర్మాగారం రూపొందించగా, 1930ల ఆరంభంలో అది సైన్యంలోకి వచ్చింది. వెబ్లీ సంస్థ పరిహారం కోరింది. చివరకు దానికి 1,250 పౌన్లు దక్కాయి. 1938లో, ట్యాంకు లోపల తగులుకోకుండా, సుత్తి పైకొన తీసేసిన రకాన్ని ప్రవేశపెట్టారు.

ఆయుధం ఎవరి చేతిలో?

బ్రిటన్‌లో ప్రశ్న శిక్షణకు సంబంధించినది. భారతదేశంలో దానికి ముందే మరో ప్రశ్న ఉంది: ఆయుధం పట్టే హక్కు ఎవరిది? 1878 ఆయుధాల చట్టం ప్రకారం బ్రిటిష్ ఇండియాలో తుపాకి ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి. అందుకే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి తుపాకులను తీసుకుపోయింది. మన్యం పోరాటానికి ఆయుధాగారం ప్రభుత్వ ఠాణాయే అయింది.

సారాంశం

రివాల్వరు పరిమాణాన్ని దానిని వాడేవారికి దొరికే శిక్షణ నిర్ణయించింది. వాడేవారెవరో రాజ్యం నిర్ణయించింది. ఆయుధ చరిత్రను ఈ రెండు కోణాల నుంచీ చదవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 0.455 అంగుళాల రివాల్వరును సైన్యం ఎందుకు వదులుకుంది?
2. 1922 నాటి దాడులకు, 1878 చట్టానికి గల సంబంధాన్ని వివరించండి.